ఖాళీ ముడి

జలపాతాన్ని ముందు నుంచి ఎవరైనా చూడొచ్చు. కమ్మీల దగ్గర నిలబడి, నాలుగు ఫోటోలు తీసుకుని, తడిసిన జుట్టు తుడుచుకుంటూ ఇంటికెళ్ళిపోవచ్చు. వెనక నుంచి చూడాలంటే మాత్రం గైడు ఉండాలి. కొండలోకి తొలిచిన సొరంగంలో దిగి, పడుతున్న నీళ్ళ వెనకున్న గుహలో కాసేపు నిలబడి, ఇంకో సొరంగంలోంచి అవతలి పక్కకి తేలాలి. మొత్తం కలిపి ముప్పావుగంట పని. ఒక్కో విడతకి పదిమందికి మించి తీసుకెళ్ళరు.

ఆ పని ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నవాడు ఒకడున్నాడు. ఆఫీసులో అందరూ అతన్ని తాడు మాస్టారు అంటారు. మొదట వెక్కిరింతకి పెట్టిన పేరే గానీ, వాడగా వాడగా అందులో కాస్త మర్యాద కూడా చేరింది.

తాడెందుకంటే, లోపల మాట వినపడదు. ఆ హోరులో చెవిలో నోరు పెట్టి అరిస్తే సగం వినపడుతుంది, మిగతా సగం ఊహించుకోవాలి. లైట్లు పెడితే తడికి నెల తిరక్కుండా పాడవుతున్నాయని ఎప్పుడో మానేశారు. గైడు నుదుటి మీద ఒక్క లైటు, అంతే. అందుకని ఒక పొడుగాటి తాడు, దానికి బారెడేసి ఎడంతో పది ముడులు. ముందు కొస గైడు నడుముకి కట్టి ఉంటుంది. ఒక్కో మనిషి ఒక్కో ముడి పట్టుకోవాలి. గైడు తాడుని రెండుసార్లు గుంజితే, ఉన్నారా అని అడిగినట్టు. అప్పుడు ముందున్నవాళ్ళ నుంచి వరసగా ఒక్కొక్కరూ ఒక్కోసారి లాగాలి. దగ్గరివాళ్ళ లాగుడు గట్టిగా తెలుస్తుంది, వెనక్కి వెళ్ళేకొద్దీ నీరసంగా వస్తుంది. మాస్టారు నడుముతోనే లెక్కపెట్టేసేవాడు.

ఇంకో నియమం కూడా ఉంది. మనుషులు పదిమంది లేనప్పుడు కొన్ని ముడులు మిగులుతాయి కదా. అవి వెనకాల నేలమీద ఈడ్చుకుంటూ రాకూడదు. అందరికన్నా చివర నడిచే తోక గైడు వాటిని తన నడుముకి చుట్టుకుని గట్టిగా కట్టేసుకోవాలి. ఖాళీ ముడి వెనక వదలొద్దని అతనికి పని నేర్పిన ముసలి గైడు మొదటి రోజే చెప్పాడు.

"ఎందుకండీ?" అని అడిగాడు, అప్పుడింకా కుర్రతనం.

"రాళ్ళకి చిక్కుకుంటుంది" అన్నాడు ముసలాయన. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి, "ఎవరడిగినా ఇదే చెప్పు" అన్నాడు.

ఆ రోజు తోక గైడుకి జ్వరం. మధ్యాహ్నం మూడు గంటల విడత, రోజులో అదే ఆఖరిది. నాలుగింటికి పై ఆనకట్ట గేట్లు ఎత్తుతారు, నీళ్ళు మీదపడి గుహంతా మునిగిపోతుంది. అందుకే నాలుగవడానికి పది నిమిషాలుండగా మొదటి సైరను, గేట్లు ఎత్తేటప్పుడు రెండో సైరను. వచ్చినవాళ్ళు ఆరుగురే. చెయ్యి చెయ్యి వదలని ఒక కొత్త జంట, రిటైరైన పోస్టుమాస్టరు, ఆయన అక్కగారు, ఒక పళ్ళ డాక్టరమ్మ, పొట్టని ముందు పంపించి తను వెనక నడిచే బేకరీ ఆయన. తోక గైడు లేకపోతే విడత రద్దు చెయ్యాలని రూలు. కొత్త పెళ్ళికూతురు మొహం చిన్నబుచ్చుకుంది. సాయంత్రం రైలుకి వెళ్ళిపోతున్నారట.

సరిగ్గా అప్పుడే మాస్టారు భార్య భోజనం క్యారేజీ వెనక్కి తీసుకెళ్దామని వచ్చింది. సంగతి విని, క్యారేజీ బల్ల మీద పెట్టేసింది.

"నేనుంటాను తోక."

"నువ్వా?"

"ఏం, నాకు చేతుల్లేవా? ఇరవై రెండేళ్ళ నుంచీ ఊరూరి వాళ్ళకీ చూపిస్తున్నారు. కట్టుకున్నదానికి మాత్రం ఫోటోలు చూపించి సరిపెట్టేశారు."

బేకరీ ఆయన పకపకా నవ్వాడు. "దొరికిపోయారు మాస్టారూ!"

ఆమెకి ఆ మాట అనే హక్కుంది. ప్రతి ఏడాదీ అడిగేది, ప్రతి ఏడాదీ ఇతను వచ్చే ఏడాది అనేవాడు. చూస్తే ఎంత సంబరపడుతుందో అతనికి తెలుసు. అయినా బద్ధకం. రోజూ చేసే పనిని సెలవు రోజున మళ్ళీ ఎవడు చేస్తాడన్న బద్ధకం. ఆ సిగ్గుతోనే ఒప్పుకున్నాడు. ఆఫీసు పుస్తకంలో ఏడుగురు అని రాశాడు. అందరికీ పసుపుపచ్చ వానకోట్లు తొడిగించేసరికి పావుగంట ఆలస్యమైంది. మిగిలిన మూడు ముడులనీ భార్య నడుముకి చుట్టి స్వయంగా కట్టాడు.

"అబ్బ, ఊపిరాడట్లేదండీ."

"ముప్పావుగంట ఓర్చుకో. విప్పకు."

"ఎందుకూ?"

"రాళ్ళకి చిక్కుకుంటుంది" అన్నాడు.

మెట్లు దిగుతుంటే ముందు వెలుగు పోయింది, తర్వాత మాటలు పోయాయి. నాచు వాసన, తడి ఇనుము వాసన. కాళ్ళ కింద రాయి సన్నగా అదురుతోంది. గోడ మీద చెయ్యి వేస్తే ఆ అదురు మోచేతి దాకా పాకుతుంది. కొత్తవాళ్ళకి ఇక్కడే గుండె దడ మొదలవుతుందని మాస్టారుకి తెలుసు. అందుకే ముప్పై మెట్ల దగ్గర ఆగి మొదటిసారి తాడు గుంజాడు.

ఒకటి. రెండు. మూడు, నాలుగు. ఐదు, కాస్త బద్ధకంగా, అది బేకరీ ఆయన. ఆరు. ఏడోది అందరికన్నా నీరసంగా, రెండు చిన్న చిన్న లాగుళ్ళు. ఒక్కసారి చాలని పైన పదిసార్లు చెప్పాడు. వింటేగా! అతనికి నవ్వొచ్చింది. చీకట్లో తనలో తనే నవ్వుకున్నాడు.

ఆ తర్వాత ఇంకొకటి వచ్చింది.

గట్టిగా. తన పక్కనే నిలబడి ఎవరో లాగినంత గట్టిగా.

అంత వెనక నుంచి అంత బలంగా రావడానికి వీల్లేదు. ఈవిడగారు కాలు జారి తాడు పట్టుకుని వేలాడిందేమో అనుకున్నాడు. మళ్ళీ గుంజాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు... రెండు చిన్నవి... తర్వాత అదే లాగుడు. ఈసారి అతను నడుము దగ్గర తూలాడు.

అక్కణ్ణించి వెనక్కి తిరగడానికి లేదు. ఒక మనిషి పట్టేంత దారి, తడి మెట్లు. దిగడమే గానీ ఎక్కడం కుదరదు. గుహ దాకా వెళ్ళాల్సిందే. వెళ్ళాడు. మధ్యలో ఇక తాడు గుంజలేదు. గుంజడానికి భయమేసింది.

గుహలోకి రాగానే అందరూ ఎప్పుడూ చేసేదే చేశారు. నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. ఎదురుగా కొండంత నీళ్ళు, వాటి వెనక నుంచి ఎండ. గుహంతా పచ్చగా కదులుతున్న వెలుతురు. పెళ్ళికూతురు ఏడుస్తోంది, సంతోషంతోనే. మాస్టారు ఆ నీళ్ళ వంక చూడలేదు. పసుపు కోట్లు లెక్కపెట్టాడు. ఏడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఏడే.

భార్య అతని చెయ్యి పట్టుకుని గుంజింది. మొహమంతా నీటి చుక్కలు, కళ్ళు మెరిసిపోతున్నాయి. చెవిలో నోరు పెట్టి అరిచింది. "ఇంత బాగుంటుందని చెప్పనే లేదేంటండీ!" తర్వాత ఇంకాస్త దగ్గరికి జరిగి, "అవునూ, నా వెనక ఆవిణ్ణి ఎందుకు పెట్టారు? తోక నేనేనన్నారుగా?"

"ఎవరిని?"

"అదే... ఆవిణ్ణి. మెట్లు దిగినప్పట్నుంచీ నా కోటు పట్టుకునే వచ్చింది. పాపం ఒకటే వణుకు. భయపడకమ్మా అని చెయ్యి కూడా పట్టుకున్నాను." చుట్టూ చూసింది. "ఏదీ, కనపడదేం?"

మాస్టారు ఆమె నడుము వంక చూశాడు. తాడు లేదు.

"నొక్కేస్తోందని మెట్ల మీదే విప్పేశానండీ" అంది, తప్పు చేసిన పిల్లలా. "చిక్కుకోలేదులే. బాగానే వచ్చింది."

తాడు ఆమె చేతిలోంచి నేలమీదికి జారి, వచ్చిన దారిలోకి, చీకట్లోకి పోయి ఉంది. మూడు ముడులూ కనపడటం లేదు. మాస్టారు దాన్ని పట్టుకుని తనవైపు లాగాడు. రాలేదు. రాయికి చిక్కుకుంటే ఎలా ఉంటుందో అతని చేతులకి తెలుసు. రాయి బిగిసిపోయి ఉంటుంది. ఇది అలా లేదు. ఇతను లాగిన కొద్దీ కొంచెం వదులుతోంది, మళ్ళీ తీసుకుంటోంది. చివరికి ఒక్కసారిగా వదిలేసింది. మూడు ఖాళీ ముడులూ అతని కాళ్ళ దగ్గరికి వచ్చి పడ్డాయి.

అప్పుడే మొదటి సైరను. హోరులో సన్నగా, దోమ రొదలా వినపడింది. పది నిమిషాలు.

అప్పుడు అతనొక పని చేశాడు. ఆ పని గురించి తర్వాత ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. బయటి దారి అతనికొక్కడికే తెలుసు కాబట్టి ముందు నడవాల్సింది తనే. చివర ఎవరో ఒకరు ఉండాల్సిందే. ఆ చివరన తన భార్యని మాత్రం ఉండనివ్వలేకపోయాడు. ఆమెని తెచ్చి మొదటి ముడి దగ్గర, తన వెనకే నిలబెట్టాడు. బేకరీ ఆయన్ని తోకకి పంపి, ఖాళీ ముడులు ఆయన పొట్టకి చుట్టి, రెండు పీటముళ్ళు వేశాడు. ఆయన బొటనవేలు పైకెత్తి నవ్వాడు. ఆ నవ్వు చూసి మాస్టారుకి సిగ్గేసింది. భయం మాత్రం తగ్గలేదు.

బయటికెళ్ళే సొరంగం మధ్యలో ఒక ఇరుకుంది. గైడ్లు దాన్ని పొట్ట సందు అంటారు. ఇరవై అడుగుల మేర పక్కకి తిరిగి, వీపు ఒక గోడకి, ఛాతీ ఒక గోడకి రాసుకుంటూ జరగాలి. అందులో దూరాక తల కూడా తిరగదు. ముందుకి చూస్తే ముందుకే. భార్య చెయ్యి అతని భుజం మీదుంది. రెండుసార్లు ఆ చేతిమీద తన చెయ్యి వేసి తట్టాడు. చల్లగా ఉంది. అంత తడిలో అందరి చేతులూ చల్లగానే ఉంటాయి.

సందు సగంలో తాడు గుంజాడు. అలవాటు. ఇరవై రెండేళ్ళ అలవాటు.

ఒకటి. దగ్గర్నుంచి, గట్టిగా, ఒకే ఒక్కటి.

రెండు. మూడు, నాలుగు, ఐదు, ఆరు.

ఏడు. బేకరీ ఆయన బద్ధకపు లాగుడు.

ఆయన వెనక ఇక ఎవరూ లేరు. తాడు కొస ఆయన పొట్టకే కట్టి ఉంది. మాస్టారు ఎదురుచూశాడు...

ఎక్కడో చాలా దూరం నుంచి... రెండు చిన్న చిన్న లాగుళ్ళు.

మళ్ళీ గుంజాడు. వరసగా అందరూ లాగారు. తర్వాత దూరం నుంచి మళ్ళీ రెండు. కంగారుగా. నేనిక్కడున్నాను, నేనిక్కడున్నాను అన్నట్టు... మళ్ళీ రెండు. మళ్ళీ రెండు.

భుజం మీద చెయ్యి అలాగే ఉంది.

తల తిప్పబోయాడు. దవడ రాతికి గీసుకుపోయింది. భార్యని కేకేశాడు. తన గొంతు తనకే వినపడలేదు. వెనక్కి జరుగుదామని కాలు వేస్తే, వెనకున్నదేదో జరగలేదు. భుజం మీది వేళ్ళు మెల్లగా బిగిశాయి. వెచ్చదనం లేని ఊపిరి చెవికి తగిలింది. అరిస్తేనే వినపడని ఆ హోరులో, ఒక గుసగుస... ఎంతో స్పష్టంగా...

"పదండి... అందరం ఉన్నాం."

అతని భార్య గొంతే.

వెనకాల ఆరుగురున్నారు. పైన నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. అతను ఆగితే అందరూ ఆగిపోతారు. ముందుకే జరిగాడు. ఏడుస్తూ జరిగాడు. నడుము దగ్గర తాడు, ప్రతి నాలుగడుగులకీ, దూరం నుంచి రెండుసార్లు కదులుతూనే ఉంది.

బయట ఎండగా ఉంది. మాస్టారు సొరంగం మూతి దగ్గర పక్కకి తిరిగి నిలబడి, బయటికి వస్తున్నవాళ్ళని ఒక్కొక్కర్నే చూశాడు. మొదట భార్య. టోపీ వెనక్కి తోసుకుని, మొహం తుడుచుకుని, అతని వంక చూసి నవ్వింది. ఆమే. ఎడం కనుబొమ దగ్గరి మచ్చతో సహా ఆమే. తర్వాత పోస్టుమాస్టరు, ఆయన అక్కగారు, కొత్త జంట, డాక్టరమ్మ. ఆఖరున ఆయాసపడుతూ బేకరీ ఆయన. ఏడుగురు.

"ఇక నావల్ల కాదు బాబోయ్" అంటూ ఆయన పీటముళ్ళు విప్పి తాడు కింద పడేశాడు. మూడు ఖాళీ ముడులు సొరంగం మూతి లోపలికి, చీకట్లోకి పడ్డాయి. మాస్టారు తాడు చుడదామని అందుకున్నాడు.

చేతిలో తాడు రెండుసార్లు కదిలింది.

లోపలికి పరుగెత్తాడు. నాలుగడుగులు వేసేసరికి బేకరీ ఆయన వెనక నుంచి నడుం పట్టేసుకున్నాడు. పోస్టుమాస్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమైందయ్యా నీకు? నీళ్ళొదిలే టైము!"

"లోపలుంది! ఇంకా లోపలే ఉంది!"

"ఎవరు?"

"మా ఆవిడ!"

అందరూ ఆమె వంక చూశారు. ఆమె డాక్టరమ్మ పక్కన బండ మీద కూర్చుని చెప్పులోని నీళ్ళు వంపుకుంటోంది. తలెత్తింది.

"నేనిక్కడే ఉన్నాను కదండీ" అంది, నెమ్మదిగా.

రెండో సైరను మోగింది. కొండ లోపల ఏదో పెద్దగా కదిలినట్టు చప్పుడు. తాడు ఇంకొకసారి కదిలింది. ఈసారి రెండుసార్లు కాదు. ఆగకుండా, లెక్క లేకుండా, ఎవరో రెండు చేతులతో లాగుతున్నట్టు. మాస్టారు రక్తం వచ్చేలా పట్టుకున్నాడు. ఇద్దరు మగవాళ్ళు అతన్ని వెనక్కి ఈడుస్తున్నారు. సొరంగంలోంచి చల్లటి గాలి ఒక్కసారి బయటికి కొట్టింది. తాడు వదులైపోయింది. లాగితే తేలిగ్గా వచ్చేసింది.

ఆఫీసులో పెద్దాయన అంతా విన్నాడు. మంచినీళ్ళిచ్చాడు. పుస్తకం తిప్పి చూపించాడు. "వెళ్ళింది ఏడుగురు, వచ్చింది ఏడుగురు. ఎవరు తప్పిపోయారని రాయమంటావు చెప్పు?" కిటికీలోంచి బయటికి చూపించాడు. "మీ ఆవిడ అదిగో, బెంచీ మీద కూర్చుంది. వారం రోజులు సెలవు పెట్టి పడుకో."

మర్నాడు పొద్దున్నే నీళ్ళు తగ్గగానే, జ్వరంతో ఉన్న తోక గైడుని బతిమాలి వెంటబెట్టుకుని లోపలికెళ్ళాడు. నాచు, రాయి, నీళ్ళు. అంతే. గుహ మూలల్లో చేతులతో తడిమి తడిమి వెతికాడు. తోక గైడు మాత్రం ఖాళీ ముడులు మర్చిపోకుండా నడుముకి కట్టుకున్నాడు.

ఇంట్లో ఆమె ఆమెలాగే ఉంది. అదే చేతివంట, అవే విసుర్లు, తలుపు గడియ సరిగ్గా పడకపోతే అదే గొణుగుడు. రెండు మూడు రోజులు అతను వంటింట్లోకి వెళ్ళలేదు. తర్వాత వెళ్ళాడు. పక్కన కూర్చున్నాడు. ఎంతకాలమని భయపడతాడు మనిషి? పదో రోజుకి, తనకి మతి చలించి ఉంటుందని ఒప్పుకోవడమే సుఖంగా అనిపించింది.

ఆదివారం పొద్దున వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న కూతురు ఫోన్ చేసింది. అతను ఎత్తి, "అమ్మకిస్తున్నా" అని భార్య చేతికిచ్చాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని మాట్లాడింది. జలుబు తగ్గిందా అంది. ఇంటి ఓనరు కుళాయి బాగుచేయించాడా అంది. జలపాతం వెనక నుంచి చూశానే, మీ నాన్నని బెదిరించి మరీ వెళ్ళాను అని పడీపడీ నవ్వింది. ఆ నవ్వు వింటూ అతను పేపరు పక్కన పెట్టేశాడు. పది రోజుల్లో మొదటిసారి గుండె కుదుటపడింది. తనని తనే తిట్టుకున్నాడు కూడా. పావుగంట తర్వాత ఆమె ఫోన్ తెచ్చి అతనికిచ్చి, పొయ్యి మీద పాలున్నాయంటూ వంటింట్లోకి వెళ్ళింది.

"నాన్నా, ఏంటి నువ్వు?" కూతురు గొంతులో కోపం. "అమ్మకిస్తానని ఇవ్వకుండా ఎక్కడ పెట్టేశావు ఫోను? పావుగంట నుంచీ హలో హలో అని అరుస్తున్నాను."

అతను వంటింటి వైపు తిరిగాడు.

"ఒకటే నీళ్ళ చప్పుడు. జలపాతం దగ్గరున్నావా? అమ్మ ఏదీ?"

వంటింటి గుమ్మంలో ఆమె వచ్చి నిలబడింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ అతని వంకే చూస్తోంది.

"అమ్మ... ఇక్కడే ఉందమ్మా" అన్నాడు.

మళ్ళీ మాట్లాడినప్పుడు కూతురి గొంతులో కోపం లేదు.

"మరి ఈ చప్పుళ్ళో దూరం నుంచి నిన్ను పిలుస్తున్నదెవరు నాన్నా? ఇదిగో... ఇప్పుడు కూడా పిలుస్తోంది."